పద్దెనిమిది చెవులు

మొన్న ఆదివారం జయపురంలో ఉన్ని బట్టలమ్మే ఆవిడ మీద నడిబజార్లో అరిచేను. పాపం, ఆవిడ చేసిన తప్పేం లేదు. చలికి ఒణుకుతూ నిలబడ్డ మనిషి కనబడింది. బేరం తగులుతుందని ఎర్ర మఫ్లరొకటి తీసి నా తల చుట్టూ తిప్పి, చెవుల మీదికి లాగి, "కాన ఘొడేఇ దిఅ మా" అంది నవ్వుతూ. చెవులు కప్పుకో తల్లీ, అని. అంతే. నాకు ఒళ్ళు తెలీలేదు. దాన్ని పీకి ఆ బట్టల గుట్ట మీద విసిరికొట్టి, నా చెవులు ముట్టుకోకని తెలుగులో, ఒడియాలో, నోటికొచ్చిన భాషలో కేకలేసేను. జనం మూగేరు. పిచ్చిదనుకున్నారు. అనుకోనీ.

ఇంటికొచ్చేక సిగ్గేసింది. ఆవిడకి చెప్పలేని సంగతి ఇక్కడ చెప్తున్నాను. చెప్పుకుంటే తేలికపడతామంటారు గానీ, నేనా ఆశ వదిలేసి మూడు చలికాలాలయింది.

ఇది మా మేటు సంగతి.

రాయగడ నుంచి కొరాపుట్ ఎక్కే కొండ లైన్లో నేను గేంగు మనిషిని. గేంగంటే పట్టాలు కాపాడే పని. కంకర కూరాలి, కిలిప్పులు బిగించాలి, బోల్టులకి నూనె పెట్టాలి, వానాకాలం కాలవలు తియ్యాలి. మా ఆయన ఇదే లైన్లో పాయింట్స్‌మేన్‌గా చేస్తూ పచ్చకామెర్లతో పోతే ఆయన బదులు నాకిచ్చేరీ ఉద్యోగం. గేంగులో తొమ్మిది మందిమి. ఒడియావాళ్ళు, కొండమీది దేశియావాళ్ళు, ఇద్దరు బీహారువాళ్ళు. ఆడదాన్ని నేనొక్కర్తినే. తెలుగువాళ్ళం మాత్రం ఇద్దరం, నేనూ మేటూ. మేటంటే గేంగుకి పెద్ద. పనెక్కడో, ఎవరెక్కడో, బండొస్తే ఎటు తప్పుకోవాలో అన్నీ ఆయనే చెప్తాడు.

ఏ గేంగులోనైనా పొద్దుట మేటు తలలు లెక్కపెడతాడు. మా మేటు చెవులు లెక్కపెట్టేవాడు.

నేను చేరిన రోజు మంకీ కేప్ గెడ్డం దాకా లాక్కుని వెళ్ళేను. కొండమీద చలి అలవాటు లేదు, మాది పాతపట్నం వైపు. సామాన్ల గది ముందు అందరం వరసలో నిలబడ్డాం. ఆయన నా ముందుకొచ్చి ఆగేడు. పొట్టి మనిషి. నారింజ రంగు జాకెట్టు మోకాళ్ళ దాకా వేలాడుతోంది, మెడలో ఎర్ర మఫ్లరు. ఏమీ అనకుండా రెండు వేళ్ళతో నా టోపీ అంచు అటూ ఇటూ పైకి మడిచేడు, చంటిపిల్ల తల దువ్వినంత జాగ్రత్తగా.

"సెవి నీది కాదమ్మీ. బండిది. ఒంట్లో మిగతాదంతా నీదే, ఎంత కావాలంతే అంత కప్పుకో."

ఆ తరవాత జెండా కర్రతో ఒక్కొక్కళ్ళనీ చూపిస్తూ నడిచేడు. రెండు, నాలుగు, ఆరు. ఎవడి మఫ్లరైనా చెవి మీదికి జారితే అక్కడ లెక్క ఆగిపోయేది. వాడు సర్దుకున్నాక మళ్ళీ మొదట్నుంచి మొదలు. ఆఖర్న తన చెవి తమ్మెలు రెండూ తనే పట్టుకుని, "పద్దెనిమిది. నడండి" అనేవాడు. వానొచ్చినా, పండగైనా, బీహారువాడి పెళ్ళయిన మర్నాడైనా అదే. వెనకాల నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వేను. ముసలాడికి చాదస్తమనుకున్నాను.

ఆ ముసలాడి పుణ్యమే నేను నిలదొక్కుకున్నది. ఆడదానికి సుత్తెందుకని మిగతావాళ్ళు గొణుగుతుంటే ఆయన నా చేతిలో ఈల పెట్టేడు. పనిచేసే చోటికి అటూ ఇటూ దూరంగా ఒక్కొక్కళ్ళు నిలబడి, బండి రాక కనిపెట్టి, ఈల వేసి, ఎర్రజెండా ఊపాలి. లుకౌట్ అంటారు. "దీని కళ్ళు సూసేను. ఇది నిద్రపోదు" అన్నాడు అందరి ముందూ. ఆ ఒక్క మాటకి నేను ఎన్నేళ్ళు ఆయన వెనకాల తిరిగేనో.

ఆయన మాటలు అలాగే ఉండేవి. గట్టిగా, తిట్టినట్టు. పక్కనున్నవాడితోనైనా అవతల కొండమీద ఉన్నవాణ్ణి పిలిచినట్టే మాట్లాడేవాడు. పచ్చి ఉల్లిపాయ జేబులో వేసుకుని, పదింటికి దాన్ని పట్టా మీద పెట్టి సుత్తితో చితక్కొట్టి చల్దన్నంలో నంజుకునేవాడు. పట్టా మీద ఉల్లి కొడితే పాపం కాదా అనడిగితే, "ముప్పయ్యేళ్ళు దీనికి సాకిరీ సేసేను, ఒక ఉల్లిగడ్డ కొట్టనివ్వదేటి?" అనేవాడు. బండి మలుపు తిరక్కముందే అదేమిటో చెప్పేవాడంట, నేను చేరకముందు. బరువు బండి మూలుగుతాది, కాళీ బండి వాగుతాది అనేవాడు. పని మొదలెట్టే ముందు గొంతుక్కూచుని కుడి అరచెయ్యి పట్టా మీద ఆనించి కాసేపుంచి, కళ్ళకద్దుకునేవాడు. భక్తి అనుకున్నాం అందరం. దేశియావాళ్ళయితే ఆయన్ని చూసి వాళ్ళూ దణ్ణం పెట్టడం నేర్చుకున్నారు.

భక్తి కాదని నాకు శ్రావణంలో తెలిసింది.

కోత దగ్గర కాలవ తీస్తున్నాం. కోతంటే కొండని రెండుగా నరికి మధ్యలోంచి లైను వేసిన చోటు. వాన. ఆయన ముందు, నేను వెనక. పైనుంచి రాయొకటి కదిలింది. "బావూ, పక్కకి!" అని అరిచేను. కదల్లేదు. మళ్ళీ అరిచేను. అరడుగు దూరంలో ఉన్నానేమో, జాకెట్టు పట్టుకుని లాగితే నా మీద పడ్డాడు. రాయి వచ్చి ఆయన నిలబడ్డ చోట పడింది. ఆయన రాయిని చూళ్ళేదు. నా నోరు చూసేడు. ఏమంటున్నానో అని.

"ఇనపళ్ళేదా బావూ?"

అటూ ఇటూ చూసేడు, ఎవరైనా ఉన్నారేమోనని. కల్వర్టు గోడ మీద కూచున్నాడు. అప్పుడు మాత్రం ఆయన గొంతు చిన్నగా వచ్చింది.

"కుడిది పోయి మూడేళ్ళయిందమ్మీ. ఎడందీ ఎల్లిపోతంది."

తొమ్మిది మంది ప్రాణాలు చూసుకునే మనిషి. చెప్పెయ్యొచ్చు కదా బావూ, అన్నాను. లైను మీంచి తీసి ఆఫీసులో ఏదో పనిస్తారు, జీతం పోదు, ఏడాదిలో రిటైరైపోతావు.

"ఏటి పని? ఫైళ్ళు మొయ్యడం, బాబులికి నీళ్ళందియ్యడం. అది పోనీ. ముప్పయ్యేళ్ళు ఈళ్ళ సెవులు నెక్కెట్టినోణ్ణి. నాకే సెవుల్నేవని ఈళ్ళ ముందు సెప్పమంతావా?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్క ఏడాది. నువ్వే నా సెవి అమ్మీ."

ఒద్దనాల్సింది. అప్పుడే, ఆ గోడ దగ్గరే ఒద్దనాల్సింది. కానీ నిజం చెప్తాను, నాకు గొప్పగా అనిపించింది. ఇంతమంది మగాళ్ళలో నన్ను నమ్మేడని పొంగిపోయేను. సరే అన్నాను.

ఆ రోజు నుంచి నన్నెప్పుడూ తనకి కనబడే చోటే లుకౌట్ పెట్టేవాడు. ఈల మిగతావాళ్ళకి, జెండా ఆయనకి. నా చెయ్యి లేచిందంటే అందరికంటే ముందు ఆయనే "హటో, హటో" అని అరిచేవాడు. చూసేరా మేటు చెవులు, అనుకునేవాళ్ళు. పట్టా మీద అరచెయ్యి సంగతి కూడా చెప్పేడు. బండి దూరంలో ఉండగానే ఇనుములో ఒక జివజివ పుడతాదంట. "సేతికీ సెవి ఉంతాది. నేర్చుకోవాల." నేనూ పెట్టి చూసేను. నాకేమీ తెలీలేదు.

అలా శీతాకాలం దాకా ఎవరికీ అనుమానం రాకుండా లాక్కొచ్చేం.

కొండమీద చలి కొత్త కాదు. పుష్యమాసంలో పొద్దుట నోట్లోంచి పొగొస్తుంది, ఎనిమిదింటికి ఎండొస్తుంది, తొమ్మిదింటికి స్వెట్టర్లు విప్పి కొమ్మలకి తగిలిస్తాం. ఆ ఏడు అలా కాదు. ముందు నడిచలికాలంలో ముసురు పట్టింది. నాలుగు రోజులు. కొల్నార పక్కన మేటు తమ్ముడి పొలంలో కోసి పడేసిన వరి పనలు నీళ్ళలో మొలకెత్తేయి. అయిదోరోజు మబ్బు విడింది, ఆ తడి మీద చలి దిగింది. అదేం చలో! తెల్లారి లేచి చూస్తే గడ్డంతా ఉప్పు జల్లినట్టు తెల్లగా. ముట్టుకుంటే పెళపెళ. లైను పక్కన చోడి అంబలి అమ్మే దేశియా ముసలమ్మ, కొండల్లో పుట్టి కొండల్లో ముసలైన మనిషి, ఇలాంటిది తనెప్పుడూ చూళ్ళేదని నోటిమీద చెయ్యేసుకుంది. పొగమంచు పదకొండైనా లేచేది కాదు.

మాకా, చలికాలమే పని ఎక్కువ. చలికి మనుషుల్లాగే పట్టాలూ ముడుచుకుంటాయి, అతుకుల దగ్గర పిట్టుమని విడిపోతాయి. అందుకని పొద్దుటే వెళ్ళి ప్రతి అతుకూ చూడాలి. మేం జాకెట్ల కింద పాత పేపర్లు పొరలు పొరలుగా పెట్టుకున్నాం. బూట్లలో పాలిథిన్ సంచులు. సుత్తి పిడికి గోనె చుట్టేం. ఆవనూనె చేతులకీ కాళ్ళకీ. ఇనుము ముట్టుకుంటే చురుక్కుమని కాలినట్టే ఉండేది, చలో వేడో తెలిసేది కాదు. కంకర మోసే గమేళాలో నీలగిరి ఆకూ పుల్లలూ వేసి నిప్పు చేసుకుని, అరగంట పని, అయిదు నిమిషాలు నిప్పు. అన్నిటికీ ఒప్పుకున్నాడు మేటు. చెవులకి మాత్రం ఒప్పుకోలేదు. ఎర్రగా కంది, తమ్మెలు పగిలి నెత్తురొచ్చినా సరే. "బండిది బండికియ్యండి" అనేవాడు. బీహారువాడొకడు ఏడ్చినంత పన్జేసేడు. "నీ పెళ్ళానికి నువ్వు కావాలా, నీ సెవులు కావాలా?" అని తెలుగులోనే కసిరేడు. వాడికేం అర్థమైందో గానీ టోపీ తీసేసేడు.

పొగమంచులో నా జెండా ఆయనకి కనబడేది కాదు. పది అడుగుల అవతల మనిషి లేడు. అందుకని ఇంకో ఏర్పాటు చేసుకున్నాం. నేను మలుపు దగ్గర నిలబడతాను. అవతల సొరంగానికి ముందు ఒక పసుప్పచ్చ బోర్డుంది, డ్రైవర్లు అక్కడ హారన్ కొట్టాలి. అది వినబడ్డ దగ్గర్నుంచి బండి మా మీదికి రావడానికి నిమిషం. ఆ నిమిషంలో ఈల ఊదుతూ వెనక్కి పరిగెత్తాలి, ఆయన భుజం మీద చెయ్యెయ్యాలి. రోజుకి ఏడెనిమిది సార్లు పరిగెత్తేదాన్ని. మిగతావాళ్ళు, దీనికి మేటంటే ఎంత భయమో, పరిగెత్తుకెళ్ళి మరీ చెప్తుంది అని వెక్కిరించేరు. ఆయన మాత్రం నా చెయ్యి పడగానే తిరిగి చూడకుండా ఒకసారి తలూపేవాడు. ఆ తలూపు కోసమైనా ఇంకో పదిసార్లు పరిగెత్తేదాన్ని.

ఒకరోజు నిప్పు చుట్టూ కూచున్నాం. ఆయన కుడిచెయ్యి గమేళా అంచు మీద ఆనించి ఏదో చెప్తున్నాడు. గుణుపురంలో తన చిన్నప్పుడు చెరుకు బళ్ళ సంగతి. వాసనొచ్చింది. ముందు గోనె కాలుతోందనుకున్నాను. చూస్తే ఆయన చెయ్యి. గమేళా అంచు ఎర్రగా ఉంది, దాని మీద అరచెయ్యి పెట్టుకుని నవ్వుతూ కబుర్లు చెప్తున్నాడు.

"బావూ! సెయ్యి!"

నా నోరు చూసి, అప్పుడు కిందకి చూసుకున్నాడు. తీసేడు. తోలు ఊడి వచ్చింది. మూలిగింది కూడా లేదు. ఆ చేతిని మొహం దగ్గరగా పెట్టుకుని, ఎవరిదో దొరికితే చూసినట్టు చాలాసేపు చూసేడు.

ఎవరికీ ఏమీ తెలీలేదు, పసుపూ నూనే తెమ్మని హడావిడి పడ్డారు. నాకు తెలిసింది. ఆయనకీ తెలిసిందని తెలిసింది. ఇన్నాళ్ళ చలికి ఆ చెయ్యి మొద్దుబారిపోయింది. అందులో చెవి కూడా పోయింది.

ఆ మధ్యాహ్నమే మంచు విడ్డాక మా ఇంజినీరు ట్రాలీ మీద వచ్చేడు. మంచివాడు, అడిగి తెలుసుకునే మనిషి. నా ముందే ఆపి, "అంతా బాగానే ఉందా? మంచులో ఇబ్బందేమైనా ఉంటే చెప్పండి" అన్నాడు. ఆయన వెనకాల మేటు నిలబడ్డాడు, చేతికి గుడ్డ కట్టుకుని. ఇంజినీరు మాట ఆయనకి వినబడలేదు. నా నోరే చూస్తున్నాడు, నేనేమంటానో అని. అన్నం పెడతావా లేదా అని చూసినట్టు చూసేడు.

"బాగానే ఉందండి" అన్నాను.

నోరు కదలడం చూసి మేటు తలొంచుకున్నాడు. ట్రాలీ వెళ్ళిపోయింది. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం, ఆయన్నే ఒప్పించి చెప్పిద్దాం, అనుకున్నాను. ఆ రోజే చెప్పుంటే ఆయన నా మొహం చూసేవాడు కాదు. చూడకపోయినా ఎక్కడో ఒక ఆఫీసులో కూచుని నన్ను తిట్టుకుంటూ బతికుండేవాడు.

తరవాత నాలుగో రోజు. రాత్రంతా నాకు చెవిపోటు. కుడిచెవిలోంచి చీము, ఒళ్ళు కాలిపోతోంది. సెలవు పెట్టొచ్చు. పెడితే ఆయన చెవి ఎవరు? అది ఎవరికీ చెప్పుకునే కారణం కాదు. వెళ్ళేను. సామాన్ల గది ముందు వరసలో నిలబడితే పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. గాలి ఒకటి మొదలైంది ఆ పొద్దుట, సూదులు పట్టుకుని చెవిలోకే వస్తున్నట్టుంది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, ఆపలేకపోయేను.

ఆయన నా ముందుకొచ్చి ఆగేడు. చెవి చూసేడు. నుదుటి మీద ఎడంచేత్తో ముట్టుకున్నాడు. ఏం చేస్తున్నాడో నాకర్థమయ్యేలోగా మెడలో మఫ్లరు తీసి నా తల చుట్టూ రెండుసార్లు తిప్పి, చెవులు మూసి, గెడ్డం కింద ముడేసేడు. కాలిన చేత్తో వేసేడు, ముడి సరిగ్గా పడలేదు.

"ఇయ్యాలొక్కరోజుకీ కప్పుకో అమ్మీ."

"ఒద్దు బావూ."

"నాకు ఎడం సెయ్యుంది లే" అన్నాడు, నాకు మాత్రమే తెలిసేలా ఆ చెయ్యి కొంచెం ఎత్తి చూపించి.

వరసలో మెడలన్నీ మా వైపు తిరిగేయి. ముప్పయ్యేళ్ళలో మేటు తన చేత్తో ఒకరి చెవులు మూయడం వాళ్ళెవరూ చూళ్ళేదు.

పని దగ్గరికెళ్ళేక విప్పేద్దామనుకున్నాను. ప్రమాణం చేసి చెప్తాను, అనుకున్నాను. మలుపు దగ్గర నిలబడ్డాక ముడి మీద చెయ్యి కూడా వేసేను. కానీ లోపల వెచ్చగా ఉంది. ఆయన ఒంటి వేడి ఇంకా అందులోనే ఉంది, ఉల్లిపాయ వాసన, ఆవనూనె వాసన. రాత్రి నుంచీ మొదటిసారి ఆ పోటు తగ్గింది. ఇంకొక్క నిమిషం, అనుకున్నాను. నాకా వెచ్చదనం కావాలి. దాచేదేముంది? కావాలి, అంతే.

ఆ వచ్చింది వట్టి ఇంజిను, వెనకాల పెట్టెల్లేవు. దిగుడులో కరెంటింజిను చప్పుడు లేకుండా జారుకుంటూ వస్తుంది. బోర్డు దగ్గర హారన్ కొట్టేనని డ్రైవరు తరవాత చెప్పేడు. కొట్టే ఉంటాడు. మా కోతలో వాళ్ళు ఇద్దరు విన్నామన్నారు, మేటు దగ్గర నేనుంటాననుకుని తమ దారి తాము చూసుకున్నారు. నాకు మాత్రం మంచులోంచి దాని దీపం కనబడింది, అంతే. ఈల ఊదేను. ఊపిరంతా పెట్టి ఊదుతూ పరిగెత్తేను. ఇంజినుతో పాటు ఎవరు పరిగెత్తగలరు? అది నన్ను దాటిపోయింది. అందరికంటే చివర, ఒక అతుకు దగ్గర, నాకు వీపు పెట్టి గొంతుక్కూచుని ఉన్నాడు. ఎడంచెయ్యి పట్టా మీద ఆనించి, తలొంచుకుని, వింటున్నాడు. అంత శ్రద్ధగా వింటున్న మనిషిని నేను నా జన్మలో చూళ్ళేదు.

ఇంకేం చెప్పను?

విచారణలో అడిగేరు. హారన్ విన్నావా? విన్నానండి. వెంటనే ఈల వేసేవా? వేసేనండి. మేటుకి వినికిడి ఎలా ఉండేది? బాగుండేదండి. మఫ్లరు గురించి ఒక్కరూ అడగలేదు. వరసలో చూసినవాళ్ళు ఏడుగురూ నోరెత్తలేదు. నా మీద జాలో, మేటు చేసింది తప్పని పైకి అనడం ఇష్టం లేకో. ఆయన రహస్యం ఆయనకి దక్కించేననుకున్నాను. కాగితం వచ్చేక చదివించుకుంటే, లుకౌట్ సకాలంలో హెచ్చరించినా మేటు తన అజాగ్రత్త వల్ల తప్పుకోలేదని ఉంది. అజాగ్రత్త! పొద్దుటే చెవులు లెక్కపెట్టకుండా ఒక్క అడుగు వెయ్యని మనిషికి ఆ మాట రాసేరు. రాయించింది నేను.

పదోరోజు అయ్యేక ఆయన భార్య నన్ను పక్కకి పిలిచింది. ఆవిణ్ణి నేను అప్పా అంటాను, అక్కా అన్నట్టు. ఇంట్లో ఆయన్ని పిలవాలంటే దీపం ఆపి వేసేదాన్నని అప్పుడు చెప్పింది. ఆవిడకీ తెలుసన్నమాట. ఏళ్ళ తరబడి ఆవిడా దాచింది. "నువ్వు పిలిసేవా అమ్మీ?" అంది.

"పిలిసేనప్పా."

"దగ్గరికెల్లి పిలవాల మరి. ఆయనికి ఇనపడదు కదా" అంది. తిట్టినట్టు కాదు. రాని పిల్లకి వంట చెప్పినట్టు చెప్పింది. నేనక్కణ్ణించి లేచి వచ్చేసేను. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

మఫ్లరు నా దగ్గరే ఉండిపోయింది. ఎవరూ అడగలేదు, నేను ఇవ్వలేదు. ట్రంకు పెట్టెలో ఉంది. ఉతకలేదు. ఉల్లి వాసన పోయింది. నేనిప్పటికీ అదే గేంగులో చేస్తున్నాను. ఇప్పుడున్న మేటు చదువుకున్నవాడు, తలలు లెక్కపెట్టుకుని ఫోన్లో ఎక్కిస్తాడు. చలికి అందరూ చెవులు కప్పుకుంటారు, నేను తప్ప. నా కుడిచెవి ఇప్పుడు సగం పనిచేస్తుంది. అది మాత్రం ఇంజినీరుకి చెప్పేసేను, వెంటనే. ఈల తీసేసుకుని గమేళా ఇచ్చేరు. మంచిపనే.

ఆ పొద్దుటి లెక్క సంగతి చెప్పకుండా దాటేసేను. కావాలనే. చెప్పడానికి నోరు రాక.

నాకు మఫ్లరు కట్టేక ఆయన వరస మొదటికి వెళ్ళి ఎప్పట్లాగే లెక్కపెట్టేడు. జెండా కర్ర నా దగ్గరికొచ్చేసరికి నన్ను వదిలేసి పక్కవాడి మీదికి దాటించేడు. ఆఖర్న తన చెవి తమ్మెలు రెండూ పట్టుకున్నాడు, ఒకటి గుడ్డ కట్టిన చేత్తో, ఒకటి మంచి చేత్తో. "పదహారు. నడండి" అన్నాడు.

పదహారు కాదు. పధ్నాలుగు. ఆ లెక్క తప్పని ఆ వరసలో తెలిసింది ఇద్దరికే. ఆయన నా వైపు చూసేడు. నేను చెవుల మీద మఫ్లరు ఇంకొంచెం కిందకి లాక్కుని, ముడి బిగించుకుని, ఆయన వెనకాల నడిచేను.